కన్సెంట్ ఫారంలో 'యాదృచ్ఛికీకరణ' అంటే ఏంటి? ట్రయల్ లోపలి సంగతులు విప్పి చెప్పుకుందాం

పుటలపురుగు (చర్చ మొదలుపెట్టినవారు)
క్లినికల్ ట్రయల్‌లో (మందును మనుషుల మీద పరీక్షించి చూసే అధ్యయనంలో) చేరమని ఆస్పత్రిలో ఇచ్చే తెలుగు కన్సెంట్ ఫారాలు (ఒప్పుకోలు పత్రాలు) చూశారా? ఇరవై పేజీలకు తగ్గవు. "మీరు యాదృచ్ఛికీకరణ ద్వారా ద్వంద్వ అంధ అధ్యయన విభాగమునకు కేటాయించబడతారు" అని ఒక వాక్యం. తెలుగు ఎమ్మే చేసినవాళ్లకే తల తిరుగుతుంది, ఇక పత్తి చేలోంచి నేరుగా ఓపీకి వచ్చిన మనిషికి ఏం బోధపడుతుంది? ఈ రంగంలో ఉన్నవాళ్లు ఇక్కడ చాలామందే ఉన్నారు. ఒక్కో మాట వెనక నిజంగా జరిగేదేంటో రాయండి. సొంత కథలు వద్దు. పద్ధతులు, లెక్కలు, ఎక్కడ తేడా కొడుతుందో చెబితే చాలు.

చీటీలడబ్బా
యాదృచ్ఛికీకరణ అంటే చీటీ తియ్యడమే. కొత్త మందు ఎవరికి, పాత మందు ఎవరికి అన్నది డాక్టరు నిర్ణయించకూడదు. నిర్ణయిస్తే, తెలియకుండానే గట్టిగా ఉన్న మనిషిని ఒకవైపు, నీరసంగా ఉన్న మనిషిని ఇంకోవైపు వేస్తాడు. చివర్లో కనపడే తేడా మందుదా, మనుషులదా అన్నది ఇక తేలదు.

అలాగని ఒక్కొక్కరికీ బొమ్మా బొరుసూ వెయ్యరు. అలా వేస్తే 20 మందిలో 14 మంది ఒకే పక్కకు పడొచ్చు. అందుకని బ్లాకులు కడతారు. నలుగురి బ్లాకులో ఇద్దరికి మందు, ఇద్దరికి ప్లసీబో (మందులా కనపడే ఉత్తుత్తి మాత్ర). ఆ నలుగురినీ ఆరు రకాలుగా పేర్చవచ్చు, ఏ పేర్పు వస్తుందన్నది కంప్యూటరు తేలుస్తుంది. ఇక్కడో చిక్కుంది. బ్లాకు నాలుగుదేనని సైటులో (ట్రయల్ జరిగే ఆస్పత్రిలో) తెలిసిపోయి, మొదటి ముగ్గురికి ఏం పడిందో దుష్ప్రభావాల్ని బట్టి ఊహించగలిగితే, నాలుగో మనిషికి ఏది వస్తుందో ముందే తెలిసిపోతుంది. అందుకే 4, 6 సైజులు కలగలిపి వాడతారు, ఆ సంగతి సైటుకు ఇచ్చే ప్రోటోకాల్‌లో (ట్రయల్ ఎలా నడపాలో చెప్పే పత్రంలో) రాయరు.

పూర్వం సీలు వేసిన కవర్లు ఉండేవి. లైటుకు ఎదురుగా పట్టుకుంటే లోపలి అక్షరం కనపడిన కవర్లూ ఉన్నాయి. ఇప్పుడు చాలావరకు వెబ్ సిస్టమే: రోగి వివరాలు ఎక్కించి, అర్హత ఖాయం చేశాకే కిట్ నంబరు (ఆ రోగికి ఇవ్వాల్సిన మందు పెట్టె నంబరు) ఇస్తుంది. ఈ వరస తిరగబడకూడదు. ముందు నంబరు చూసి తర్వాత మనిషిని ఎంచుకునే వీలుంటే చీటీ వేసి లాభం లేదు.

సందేహాలరావు
బాగా చెప్పారండీ. మరి ప్లసీబో సంగతి? జబ్బుతో వచ్చిన మనిషికి ఉత్తుత్తి మాత్ర ఇవ్వడం మోసం కాదా?

కోడ్‌బ్రేక్
రావుగారూ, ప్లసీబో అనగానే "ఏ మందూ ఇవ్వరు" అనుకుంటాం. ఎక్కువ ట్రయల్స్‌లో అలా ఉండదు. ఉదాహరణకు షుగర్ ట్రయల్‌లో అందరూ మెట్‌ఫార్మిన్ వేసుకుంటూనే ఉంటారు. దాని మీద ఒక గుంపుకు కొత్త మాత్ర, ఇంకో గుంపుకు అదే రంగు, అదే సైజు ఖాళీ మాత్ర. ప్రామాణిక చికిత్స ఉండి కూడా అది మానిపించి ప్లసీబో మీద పెట్టి, మనిషికి హాని జరిగితే, మన 2019 నాటి కొత్త మందులు, క్లినికల్ ట్రయల్స్ నిబంధనల ప్రకారం అది ట్రయల్ వల్ల జరిగిన హానే. స్పాన్సరు, అంటే ట్రయల్ పెట్టించే కంపెనీ, పరిహారం కట్టాలి.

ఇక 'ద్వంద్వ అంధ'. ఎవరు అనువదించారో గానీ దండం పెట్టాలి. తీసుకునేవారికీ తెలియదు, ఇచ్చే డాక్టరుకూ తెలియదు, అంతే సంగతి. సీసా మీద మందు పేరుండదు, కిట్ నంబరే. రోజువారీ పనిలో ఈ గుట్టు బయటపడే దారులు చాలా ఉన్నాయి. కొత్త మందు చేదుగా ఉండి ప్లసీబో చప్పగా ఉంటే మొదటిరోజే అయిపోయింది. ఇంజెక్షన్ ఒకటి పాలలా, ఇంకోటి నీళ్లలా ఉంటే సిరంజికి రంగు కాగితం చుట్టాలి. మందు కలిపే ఫార్మసిస్టు ఒక్కడికే తెలిసి, అతను రోగిని అసలు చూడని ఏర్పాటు ఉండాలి. ల్యాబ్ రిపోర్టులు కూడా పట్టిస్తాయి. మూత్రంలో చక్కెర వదిలించే మందు అయితే యూరిన్ టెస్టు చూసిన ఎవరికైనా తెలిసిపోతుంది, కాబట్టి ఆ ఒక్క రిపోర్టు సైటుకు పంపకుండా ఆపుతారు.

ప్రాణం మీదకొస్తే కోడ్ విప్పే, అంటే ఆ మనిషికి ఏది పడిందో బయటపెట్టే, ఏర్పాటు 24 గంటలూ ఉండాలి. కానీ "ఏ మందో తెలిస్తే చికిత్స మారుతుందా?" అని ముందు ఆలోచించాలి. మారదంటే విప్పకూడదు.

మొదటిడోసు
ఫేజ్‌ల గురించి కూడా ఓ మాట. ఫారంలో "ఫేజ్ 1" అని ఉంటే, ఆ మందు మనిషి ఒంట్లోకి వెళ్లడం అదే మొదలు, లేదా మొదట్లో ఒకటి. అక్కడ అడిగే ప్రశ్న "పనిచేస్తుందా" కాదు, "ఎంత డోసు వరకు తట్టుకుంటారు" అన్నది. పదుల మంది చాలు. ఫేజ్ 2లో వంద నుంచి కొన్ని వందల మంది రోగులు, ఏ డోసులో ఫలితం కనపడుతోంది అన్నది. ఫేజ్ 3లో వందలు, వేలు, ఉన్న చికిత్సతోనో ప్లసీబోతోనో పోటీ.

మొదటి డోసు ఎంత జాగ్రత్తగా ఇవ్వాలో 2006 మార్చిలో లండన్ నార్త్‌విక్ పార్క్ ఆస్పత్రి ఆవరణలో జరిగిన టీజీఎన్1412 ట్రయల్ నేర్పింది. ఎనిమిది మంది ఆరోగ్యవంతులు, ఆరుగురికి యాంటీబాడీ, ఇద్దరికి ప్లసీబో. జంతువుల్లో హాని చెయ్యని డోసులో 500వ వంతే ఇచ్చారు. కిలోకు 0.1 మిల్లీగ్రాము. తప్పు ఎక్కడంటే, ఒకరికి ఇచ్చాక పది నిమిషాల వ్యవధితోనే తర్వాతివారికి ఇచ్చుకుంటూ పోయారు. మొదటి మనిషికి తలనొప్పి, వణుకు మొదలయ్యేసరికే మిగతావాళ్లకూ ఎక్కిపోయింది. ఆరుగురికీ అవయవాలు దెబ్బతిని ఐసీయూలో పడ్డారు, అందరూ బతికారు. ఇలాంటి కొత్తరకం మందుల్లో ఇప్పుడు ముందు ఒకరికో ఇద్దరికో ఇచ్చి, కనీసం ఒక రోజు గమనించి, తర్వాతే మిగతావాళ్ల జోలికి వెళ్తారు. రెండో పాఠం: కోతికి హాని చెయ్యని డోసును భాగించుకుంటూ పోవడం చాలదు, మనిషి కణాల మీద ఏ కాస్త మోతాదుకు చలనం వస్తుందో అక్కణ్నుంచి మొదలుపెట్టాలి.

క్యాన్సర్ మందుల్లో 'మూడు ప్లస్ మూడు' పద్ధతి వేరు. ఒక డోసులో ముగ్గురు. ఎవరికీ తీవ్రమైన ఇబ్బంది లేకపోతే పై డోసుకు. ఒకరికి వస్తే అదే డోసులో ఇంకో ముగ్గురు. ఇద్దరికి వస్తే ఆగిపోయి కిందికి. దీనివల్ల మొదట చేరినవాళ్లకు పనిచెయ్యనంత తక్కువ డోసు పడే అవకాశం ఎక్కువ. ఈ మాట ఫారంలో సూటిగా రాసిన కంపెనీ అరుదు.

చీటీలడబ్బా
"ఎంతమంది" అన్నది కూడా గాలిలోంచి రాదు. పాత మందుతో 30 శాతం మందికి నయమవుతోంది, కొత్తదానితో 40 శాతం అవుతుందని ఆశ అనుకోండి. తేడా నిజంగా ఉంటే 80 శాతం సార్లు దొరకాలి, లేని తేడా ఉన్నట్టు కనపడటం 5 శాతం మించకూడదు. ఈ షరతులకు ఒక్కో గుంపుకు సుమారు 353 మంది కావాలి. పదోవంతు మంది మధ్యలో మానేస్తారని వేసుకుంటే 392. అదే ఆశ 35 శాతానికి తగ్గితే గుంపుకు 1,370 మంది పైనే. తేడా సగమైతే మనుషులు నాలుగింతలు, కాస్త అటూ ఇటూ. 40 మందితో చేసి "అద్భుత ఫలితం" అని వాట్సాప్‌లో తిరిగేవాటి సంగతి దీన్నిబట్టే తెలుస్తుంది.

వరంగల్‌వాలా
కోవాక్జిన్ లెక్క చెప్పుండ్రి అన్నా. 77.8 శాతం అంటే వందలో 78 మందికి రాలేదని చానామంది అనుకుంటున్నరు.

చీటీలడబ్బా
మంచి ఉదాహరణ. ఫేజ్ 3లో సుమారు 25,800 మంది, సగానికి టీకా, సగానికి ప్లసీబో, 28 రోజుల తేడాతో రెండు డోసులు. "130 కేసులు వచ్చేదాకా ఆగి, అప్పుడు కోడ్ విప్పి లెక్కపెడతాం" అని ముందే రాసుకున్నారు. విప్పితే ప్లసీబో వైపు 106, టీకా వైపు 24. గుంపులు దాదాపు సమానం కాబట్టి 24ను 106తో భాగించండి: 0.23. అంటే టీకా లేకపోతే వందమందికి వచ్చేచోట టీకా వేసుకున్నవారిలో 23 మందికి వచ్చింది. తగ్గింది 77 పైచిలుకు, లాన్సెట్‌లో 2021 నవంబరులో అచ్చయిన అంకె 77.8. దాని పక్కన 65.2 నుంచి 86.4 అన్న హద్దులు (అసలు అంకె ఈ మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చని చెప్పేవి) కూడా ఉన్నాయి, వాటిని పేపర్లు వదిలేస్తాయి. నా దృష్టిలో ఆ హద్దులే అసలు ఫలితం.

మొదటిడోసు
ఒకటి కలపాలి. అత్యవసర అనుమతి 2021 జనవరి 3నే ఇచ్చారు, ఈ 130 కేసుల లెక్క అప్పటికి రాలేదు. టీకా మంచిదే అని తర్వాత తేలింది నిజమే. కానీ వరస తిరగబడింది, విమర్శ దాని మీదే. పైగా బయట టీకా దొరుకుతుంటే ప్లసీబో గుంపులో ఉన్నవాళ్లకు కోడ్ విప్పి చెప్పక తప్పదు. చెప్పాక పోలిక పలచబడుతుంది.

మాత్రలలెక్క
ఇంకా దారుణమైన పాఠం గుండె మందుల్లో ఉంది. గుండెపోటు వచ్చినవాళ్లలో లయ తప్పిన స్పందనలు ఎక్కువగా ఉంటే చనిపోయే ముప్పు ఎక్కువ. ఎన్‌కైనైడ్, ఫ్లెకైనైడ్ ఆ తప్పు స్పందనల్ని చక్కగా అణుస్తాయి. కాబట్టి ప్రాణాలు కాపాడతాయని డాక్టర్లు ధీమాగా రాసేవారు. అమెరికాలో క్యాస్ట్ అనే ట్రయల్‌లో చావుల్నే లెక్కపెట్టారు: మందు వేసుకున్న 755 మందిలో 63 మంది పోయారు, ప్లసీబో 743 మందిలో 26. ఈసీజీ బాగుపడింది, మనిషి పోయాడు. 1989లోనే ఆ రెండు మందుల భాగం ఆపేశారు. అందుకే ఫారంలో "ప్రధాన ఫలితం" అన్నచోట ఏముందో చూడాలి. ల్యాబ్ అంకె మారడమా, మనిషి బతుకు మారడమా?

అలా మధ్యలో ఆపే అధికారం డేటా సేఫ్టీ బోర్డుది. స్పాన్సరుతో సంబంధం లేని డాక్టర్లు, స్టాటిస్టీషియన్ ఉంటారు. కోడ్ విప్పిన లెక్కలు మధ్యమధ్యలో వాళ్లే చూస్తారు.

పుటలపురుగు
హైదరాబాద్‌లో ఎక్కువగా జరిగేవి 'జీవ సమానత్వ అధ్యయనాలు' కదా? వాటి గురించీ చెప్పండి.

మాత్రలలెక్క
బీఈ స్టడీ అంటారు. పేటెంటు తీరిన మందుకు జెనరిక్ చేసినప్పుడు, అది రక్తంలోకి అసలు బ్రాండులాగే చేరుతోందా అని చూడటం. ఆరోగ్యవంతులు, తరచుగా 24 నుంచి 40 మంది. సగం మందికి ముందు బ్రాండు, తర్వాత జెనరిక్. మిగతా సగానికి తారుమారు. మధ్యలో మొదటి మందు ఒంట్లోంచి పోవడానికి వ్యవధి, ఆ మందు సగం తగ్గే కాలానికి కనీసం ఐదు రెట్లు.

డోసు ఇచ్చే పొద్దున గది ఇలా ఉంటుంది: రాత్రి నుంచి 10 గంటలు ఏమీ తినకుండా అందరూ కూర్చుని ఉంటారు, చేతికి క్యాన్యులా (రక్తం తీయడానికి నరంలో పెట్టే సన్నటి గొట్టం). ఎనిమిదింటికి మొదటి వాలంటీరు. మాత్ర నోట్లో, సరిగ్గా 240 మిల్లీలీటర్ల నీళ్లు, తర్వాత నాలుక ఎత్తించి, బుగ్గల సందుల్లో టార్చి వేసి చూస్తారు. రెండు నిమిషాలకు రెండో మనిషి. ఇలా ఎందుకంటే రక్తం తీసే వేళలు కూడా అదే తేడాతో నడవాలి. పావుగంట, అరగంట, ముప్పావు, గంట... చివరికి 24 గంటలో, ఇంకా పైనో. నాలుగు గంటల దాకా అన్నం లేదు. ట్యూబు వెంటనే సెంట్రిఫ్యూజ్‌కు వెళ్లాలి. పైకి తేలిన ప్లాస్మా డీప్ ఫ్రీజర్‌కు. నర్సు 'గంట' శాంపిల్ ఐదు నిమిషాలు ఆలస్యంగా తీస్తే తప్పు కాదు, ఆలస్యమైన టైమే రాయాలి. షీటులో అందరికీ వరసగా 9:00, 9:02, 9:04 అని ముత్యాల్లా ఉంటే ఇన్‌స్పెక్టరుకు అక్కడే అనుమానం వస్తుంది.

సందేహాలరావు
80 నుంచి 125 శాతం దాకా ఒప్పుకుంటారట కదా. అంటే జెనరిక్‌లో 20 శాతం మందు తక్కువున్నా పాసేనా?

మాత్రలలెక్క
ఇది ఊరంతా తిరిగే అపోహ సార్. 80-125 అన్నది మాత్రలో ఉన్న మందుకు కాదు, సగటుకూ కాదు. రక్తంలో చేరిన మొత్తం, గరిష్ఠ స్థాయి, ఈ రెంటిలోనూ జెనరిక్ అంకెకూ బ్రాండు అంకెకూ ఉన్న నిష్పత్తికి కట్టే 90 శాతం విశ్వాస హద్దులకు. కింది కొస 80కి పైన, పై కొస 125కి లోపల, రెండూ ఉండాలి. సగటు 85 దగ్గర ఉంటే కింది కొస 80 కిందికి జారిపోవడమే ఎక్కువ. కాబట్టి పాసైనవాటి సగటు 100కి దగ్గర్లోనే ఉంటుంది. 125 ఎందుకంటే 1ని 0.8తో భాగిస్తే 1.25.

వరంగల్‌వాలా
అసలు కిరికిరి వాలంటీర్ల దగ్గరుంది. పైసలకోసం ఒకడే రెండు సీఆర్‌వోల్లో (ఈ స్టడీలు చేసిపెట్టే కంపెనీల్లో) దూరుతడు. మూణ్నెల్లు గడువుండాలని రూలు పెట్టుకుంటరు గాని, పేరు మార్చి పోతడు. ఒకటి, రక్తం ఎక్కువ పోతది. రెండు, పోయిన మందు ఒంట్ల ఉండంగనే కొత్తది పడితే ఏమైతదో ఎవరికి తెల్వదు. అందుకే వేలిముద్రలతోని కంపెనీల మధ్య ఉమ్మడి రిజిస్టరు నడుపుతున్నరు. అండ్ల లేని కంపెనీకి పోతే మళ్ల కథ మొదటికే. 2011ల పిడుగురాళ్ల ఆడోళ్లను రొమ్ము క్యాన్సర్ మందు బీఈ స్టడీకి హైదరాబాద్ తోలుకపోయిన సంగతి యాదికుండాలె. సంతకాలు చేసినోళ్లకు ఆ ఫారంల ఏమున్నదో చదవరాదు.

ఎథిక్స్‌గుమాస్తా
చదువు రానివాళ్ల విషయంలో పద్ధతి ఉంది. ట్రయల్‌తో సంబంధం లేని సాక్షి మొదటినుంచి చివరిదాకా కూర్చోవాలి. వేలిముద్ర పడ్డాక పిలిపించి సంతకం పెట్టించడం కాదు. తేదీ, వేళ ఎవరిది వాళ్లే రాయాలి. తనిఖీల్లో పట్టుబడే తప్పుల్లో తరచుగా కనపడేవి మూడు: పాత వెర్షన్ ఫారం మీద సంతకం, కన్సెంట్ కంటే ముందే తీసిన రక్తం, రోగికి కాపీ ఇవ్వకపోవడం. కొత్త రసాయనం ట్రయల్‌లో, ఒత్తిడికి సులువుగా లొంగే బలహీన స్థితిలోని వారిని చేర్చుకుంటే వీడియో, ఆడియో రికార్డింగు తప్పనిసరి. హెచ్‌ఐవీ, కుష్ఠు మందులకు ఆడియో చాలు.

ఇంకొకరి తరఫున సంతకం మన దగ్గర ఎంత దూరం పోయిందో చెప్పడానికి ఖమ్మం ఉదంతమే చాలు. 2009లో నాటి ఖమ్మం జిల్లా భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో 10-14 ఏళ్ల ఆడపిల్లలు సుమారు 14 వేల మందికి హెచ్‌పీవీ టీకా (గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ రాకుండా వేసేది) వేశారు. హాస్టళ్లలో అమ్మానాన్నల బదులు వార్డెన్లు సంతకాలు పెట్టారు.

సందేహాలరావు
అది ట్రయల్ కాదు, ప్రదర్శన ప్రాజెక్టు అన్నారు కదా. టీకాకు అప్పటికే అనుమతి ఉంది. టీకా వేసుకున్నాక చనిపోయిన కొందరు పిల్లల మరణాలకు టీకా కారణం కాదనే విచారణలోనూ వచ్చింది.

ఎథిక్స్‌గుమాస్తా
మరణాల సంగతిలో మీ మాట సరైనదే. కానీ "ట్రయల్ కాదు" అన్న పేరు చాటున దుష్ప్రభావాల్ని గమనించే ఏర్పాటు, బీమా, సరైన కన్సెంట్ అన్నీ జారిపోయాయి. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తిట్టింది దానికే. టీకా మంచిదైనంత మాత్రాన పద్ధతి మంచిది కాదు.

ట్రయల్‌ను పరిశీలించి అనుమతించే ఎథిక్స్ కమిటీ గురించి: కనీసం ఏడుగురు, సగం మంది ఆ సంస్థకు బయటివాళ్లు, అధ్యక్షుడు బయటివాడే. లాయరు, మామూలు పౌరుడు లేకుండా కోరం కుదరదు. సైటుకు సొంత కమిటీ లేకపోతే అదే ఊళ్లోది, లేదా 50 కిలోమీటర్ల లోపుది వాడుకోవచ్చు. ఫారం చివర కమిటీ వాళ్ల ఫోన్ నంబరు ఉండాలి. ఒకసారి చేసి చూడండి, ఎవరూ ఎత్తకపోతే అదీ ఒక సమాచారమే. అలాగే సీటీఆర్ఐ (దేశంలోని ట్రయల్స్ నమోదయ్యే రిజిస్టరు) నంబరు అడిగి దాని వెబ్‌సైటులో వెతకండి. సీటీఆర్ఐ అని మొదలై సంవత్సరం, నెల, ఆరంకెలు ఉంటుంది. మొదటి మనిషిని చేర్చుకోకముందే అక్కడ నమోదై ఉండాలి.

సందేహాలరావు
నష్టపరిహారం ఇన్సూరెన్స్ కంపెనీ దయ మీద ఉంటుందా?

ఎథిక్స్‌గుమాస్తా
లేదండీ. బాధ్యత స్పాన్సరుది, బీమా అతని ఏర్పాటు. తీవ్రమైన సంఘటన జరిగితే ఇన్వెస్టిగేటరు (సైటులో ట్రయల్ నడిపే డాక్టరు) 24 గంటల్లో డ్రగ్స్ కంట్రోలర్‌కు, స్పాన్సరుకు, కమిటీకి తెలపాలి. 14 రోజుల్లో విశ్లేషణ. వైద్యం ఉచితం, ఆ హాని ట్రయల్ వల్ల కాదని తేలేదాకా. "ముందు బిల్లు కట్టండి, తర్వాత చూద్దాం" అంటే నిబంధనకు విరుద్ధం.

మరణానికి లెక్క ఇది: 8 లక్షలు × వయసు అంకె × ముప్పు అంకె ÷ 99.37. వయసు అంకె కార్మికుల పరిహార పట్టికలోది: 30 ఏళ్లకు 207.98, 50కి 153.09, 65, ఆ పైన 99.37. ముప్పు అంకె ఆరోగ్యవంతుడికి 4, ఆరు నెలలకు మించి బతకరనుకునే రోగికి 0.5. ముప్పై ఏళ్ల బీఈ వాలంటీరుకు సుమారు 66.97 లక్షలు. మధ్యస్థ ముప్పు (అంకె 2) ఉన్న యాభై ఏళ్ల రోగికి 24.65 లక్షలు. వాదన ఎప్పుడూ ఆ ముప్పు అంకె దగ్గరే జరుగుతుంది, కాబట్టి చేరేనాటి ఆరోగ్యస్థితి కేస్ షీటులో ఎలా రాశారన్నది ముఖ్యం.

వరంగల్‌వాలా
నడుమల మానేస్తే?

కోడ్‌బ్రేక్
ఎప్పుడైనా మానెయ్యొచ్చు, కారణం చెప్పక్కర్లేదు, మామూలు వైద్యం ఆపకూడదు. కానీ చెప్పకుండా మాయమవ్వొద్దు. కొన్ని బీపీ, ఫిట్స్ మందులు ఒక్కసారిగా ఆపితే ప్రమాదం. చివరి విజిట్‌కు వెళ్లి, ఖాళీ స్ట్రిప్పులతో సహా మాత్రలు తిరిగివ్వండి. అప్పటిదాకా తీసిన వివరాలు మాత్రం లెక్కలో ఉంటాయి. మానేసినవాళ్లని చీటీ పడిన గుంపులోనే లెక్కగట్టాలి. తట్టుకోలేక వెళ్లిపోయినవాళ్లని తీసేస్తే ఏ మందైనా బంగారంలా కనపడుతుంది.

పుటలపురుగు
అందరికీ దండాలు. మొదటి వాక్యం ఇలా తిరగరాశాను, చూడండి: "మీకు కొత్త మందు వస్తుందా, ఖాళీ మాత్ర వస్తుందా అన్నది లాటరీ తీసినట్టు నిర్ణయమవుతుంది. ఏది వచ్చిందో మీకూ తెలియదు, మీ డాక్టరుకూ తెలియదు. ఇప్పుడు వాడుతున్న మందులు అలాగే వాడతారు."

ఎథిక్స్‌గుమాస్తా
చాలా నయం. ఒక్క మాట మార్చండి. 'లాటరీ' అంటే కొత్త మందు బహుమతి అయిపోతుంది, ఖాళీ మాత్ర వచ్చినవాడు ఓడినట్టు. కొత్తది మెరుగో కాదో తెలియకే కదా ట్రయల్ పెట్టింది.

చీటీలడబ్బా
'చీటీ' అని వదిలేసినా కొందరు చిట్‌ఫండ్ అనుకుంటారు. "కంప్యూటరు చీటీ తీసినట్టు, ఇద్దరిలో ఒకరికి" అని రాయండి. కమిటీకి పంపేముందు వేరేవాళ్లతో తిరిగి ఇంగ్లీషులోకి మార్పించి చూడండి, 'ఖాళీ మాత్ర' కాస్తా ఖాళీ కవరు అయి తేలగలదు.

పుటలపురుగు
"మందు లేని మాత్ర" అని మార్చాను.